పోర్చులాకా అంటే గంగవాయిలి కూరేనా? పప్పులో వేసుకోవచ్చా?

నర్సరీలో పోర్చులాకా అని ఇచ్చారు, ఆకు చూస్తే అచ్చం గంగవాయిలిలా ఉంది, వండుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. ఒకటి, అది ఆ కూర కాదు. రెండు, నర్సరీ మొక్కల మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

పోర్చులాకా అనేది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరున్న మొక్కలు మన హైదరాబాద్ డాబాల మీద మూడు రకాలు కనిపిస్తాయి. సూదుల్లాంటి ఆకులతో, ముద్దపూలు పూసేది గడ్డి గులాబీ. టేబుల్ రోజ్ అనేదీ దాన్నే. గులాబీతో దానికి ఏ చుట్టరికమూ లేదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. రెండోది మీ దగ్గరున్నది, బల్లపరుపు ఆకు, పెద్ద రంగుల పూలు. మూడోది మన కూర. తెలంగాణలో గంగవాయిలి, ఆంధ్రలో పాయలకూర అంటారు. పువ్వు చిన్నది, పసుపు రంగు. అనుమానంగా ఉంటే కాయ చూడండి. మీ మొక్క కాయకు మూత కింద చుట్టూ పల్చటి అంచు ఉంటుంది, టోపీకి ఉన్నట్టు. గంగవాయిలి కాయకు ఆ అంచు ఉండదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది ఉప్పల్ వైపు, మూడో అంతస్తు పైన డాబా. రెండేళ్ల కింద మే నెలలో పది రోజులు ఊరికి వెళ్లొచ్చేసరికి కుండీల్లో గులాబీలు మాడిపోయాయి, గంగవాయిలి మాత్రం వాడి ముడుచుకుని బతికే ఉంది. తొలకరి పడ్డాక కుండీ నిండా పచ్చగా లేచింది. అత్తమ్మ పప్పులోకని గుప్పెడు తెంపుకొచ్చారు. కడుగుతుంటే ఒక కాడ విరిగి నా వేళ్లకు తెల్లటి పాలు అంటుకున్నాయి. గుండె జల్లుమంది. అది నేలకు పరుచుకునే నానబాలు జాతి కలుపు, కూరలో వేసుకునేది కాదు, గంగవాయిలిలో కలిసిపోయి పెరిగింది. గంగవాయిలి కాడ విరిస్తే నీళ్లే వస్తాయి, పాలు రావు. అప్పటి నుంచి ప్రతి కాడా విరిచి చూడనిదే గిన్నెలో వేయను. మీరూ అలాగే చేయండి.

ఇంకో మాట. ఎండలకు నీళ్లు కరువైన గంగవాయిలిని పొద్దున్నే కోస్తే పులుపు ఎక్కువుంటుంది. నీరు ఆవిరైపోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి గాలి పీల్చుకుని దాన్ని ఆమ్లంగా దాచుకుంటుంది. పొద్దెక్కేకొద్దీ ఆ పులుపు తగ్గుతుంది. "పొద్దున కోసిందైతే చింతపండు తగ్గించు" అని అత్తమ్మ ఎప్పుడూ చెప్పే మాటకు అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ కూరలో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తినాలి.

తినడానికైతే రైతుబజార్‌లో వేర్లున్న కట్ట కొని, తిన్నంత తిని, నాలుగు కాడలు మట్టిలో గుచ్చండి, వారంలో నాటుకుంటాయి. మీ పోర్చులాకాను పూలకే ఉంచుకోండి. రోజంతా ఎండ తగిలేచోట పెట్టి, మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయండి. కుండీ అడుగున నీళ్లు నిలిస్తే కాండం కుళ్లిపోతుంది.