ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడతామా?

ప్రశ్న: సార్, నేను రోజూ బైక్ మీద తుని నుంచి అన్నవరం డ్యూటీకి వెళ్లొస్తా. ముందు బ్రేక్ జోలికి పోకు, పల్టీ కొడతావ్ అని మా బావ మొదట్నుంచీ చెప్తున్నాడు, అందుకే కాలి బ్రేక్ ఒక్కటే వాడతా. మొన్న గేదె అడ్డొచ్చింది, గట్టిగా తొక్కితే వెనక చక్రం జర్రున జారి బండి అడ్డం తిరిగింది. ఎందుకలా? ఇంకోటి, వెనక మనిషుంటే బండి లేటుగా ఆగుతుందా? – ఒక పాఠకుడు, తుని

జవాబు: మీ బావగారి భయం అర్థమయ్యేదే గానీ సలహా మాత్రం డేంజరండీ. ముందు ఒకటి చూడండి, బ్రేక్ పట్టుకునేది చక్రాన్ని, బండిని ఆపేది మాత్రం రోడ్డు. కదిలే వస్తువు బయట్నుంచి ఏదో ఒక బలం తగిలేదాకా అదే స్పీడులో తిన్నగా పోతూనే ఉంటుందని న్యూటన్ 1687లోనే పుస్తకంలో రాసి పెట్టాడు, మన బండికి ఆ బయటి బలం టైరుకీ రోడ్డుకీ మధ్య రాపిడి. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట బ్రేక్ వేసి చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, బ్రేకులు కొత్తవే, కానీ కింద గింజలు దొర్లిపోతుంటే టైరుకి పట్టెక్కడిది?

ఈ రాపిడి, టైరు మీద ఎంత బరువు పడితే అంత పెరుగుతుంది. అసలు విషయం ఇక్కడే ఉంది. రోడ్డు కింద టైరు దగ్గర వెనక్కి లాగుతుంది, మీ బరువూ బండి బరువూ ఏమో పైన ఉన్నాయి, దాంతో మొత్తం ముందుకి ఒరుగుతుంది. బ్రేక్ వేసినప్పుడు ముందు షాకప్సర్లు ఎలా కిందకి దిగిపోతాయో గమనించండి, అంత బరువు ముందు చక్రం మీదకి వచ్చేసిందన్నమాట. ఆ టైములో వెనక చక్రం తేలికైపోతుంది, దాన్నే గట్టిగా తొక్కితే తిరగడం మానేసి జారుతుంది. జారే టైరుకి తిరిగే టైరు కన్నా పట్టు తక్కువ, పైగా పక్కకి పోకుండా ఆపే శక్తి దాదాపు పోతుంది, మీ బండి అడ్డం తిరిగింది అందుకే.

పొడి తారు రోడ్డు మీద ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. ఒక్కసారిగా లటుక్కున పట్టేస్తేనే ప్రమాదం, ఇసక మీదా మలుపులోనూ మరీనూ. రెండూ కలిపి వేయండి, ముందుది మెల్లగా మొదలెట్టి బరువు ముందుకొచ్చే కొద్దీ గట్టిగా పిండండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బళ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గానీ రెండు చక్రాలకీ కలిపి బ్రేక్ పడే సిస్టం గానీ తప్పనిసరి చేశారు, ఇప్పుడొచ్చే చాలా బళ్లకి కాలి బ్రేక్ తొక్కినా ముందు చక్రానికీ కొంచెం బ్రేక్ పడేది అందుకే.

వెనక మనిషి సంగతి. బరువు పెరిగితే ఆపాల్సిందీ పెరుగుతుంది, టైరు పట్టూ అదే లెక్కన పెరుగుతుంది, కాబట్టి బ్రేకులకి దమ్ముంటే దూరం పెద్దగా మారదు. కానీ మీరు రోజూ పిండినంతే పిండితే మాత్రం కచ్చితంగా ముందుకి పోతారు.

నిజానికి కొంప ముంచేది స్పీడు. ఓ మాదిరి బ్రేకింగుతో 40లో వెళ్లే బండి ఆగడానికి సుమారు 12 మీటర్లు, 80లో అయితే 49 దాకా, రెట్టింపు స్పీడుకి నాలుగు రెట్లు. గేదెని చూసి చెయ్యి బ్రేక్ మీదకి వెళ్లే ఒక్క సెకనులో ఇంకో 11 మీటర్లు, 80లో 22, అవి వేరే.

ప్రశ్న: ఎద్దు బండిని ఎంత లాగితే బండీ ఎద్దుని అంతే లాగుతుందంటారు, మరి కదిలేదెలా? – టెన్త్ విద్యార్థిని, కోదాడ

జవాబు: ఆ రెండు లాగుళ్లూ ఒకే వస్తువు మీద పడట్లేదమ్మా, ఒకటి బండి మీద, ఇంకోటి ఎద్దు మీద, అందుకే కొట్టేసుకోవు. ఎద్దు గిట్టతో నేలని వెనక్కి తన్నుతుంది, నేల ఎద్దుని ముందుకి నెడుతుంది, ఆ నెట్టుడు బండి చక్రాల దగ్గరి రాపిడి కన్నా ఎక్కువైతే ఎద్దూ బండీ కలిసి కదులుతాయి. బురదలో గిట్ట జారిందా, ఎంత బలమైన ఎద్దయినా బండి అక్కడే.