నిగమమా, కార్పొరేషనా?

సందేహం: అమెరికా తొలినాళ్ల వ్యాపార చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘కార్పొరేషన్’కు ‘నిగమం’ అని రాయవచ్చా? ‘కంపెనీ’ అంటే సరిపోదా? - ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, ‘కార్పొరేట్’ అని రాసేయకుండా ఆగి అడిగారు, సంతోషం. ‘కార్పొరేట్లు దోచుకుంటున్నాయి’ అని చదివీ చదివీ విసుగొచ్చింది. విశేషణానికి బహువచనం తగిలించి ఊరేగించడమేమిటో!

మూలం లాటిన్ ‘కార్పస్’. అంటే ఒళ్లు. పదిమందికి కలిపి చట్టం ఇచ్చిన ఒక్క ఒళ్లు. ఆ పదిమందీ పోయినా అది పోదు. ఆస్తి కొంటుంది, దావా వేస్తుంది. 1819లో డార్ట్‌మత్ కాలేజీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ దీన్ని కంటికి కనబడని, చేతికి అందని, చట్టం తలపులో మాత్రమే ఉండే కృత్రిమ జీవి అన్నాడు. మనవాళ్లు ఆత్మకు చెప్పే లక్షణాలను ఆయన ఒంటికి అంటగట్టాడన్నమాట!

ఆ ఒళ్లు ఊరికే రాదు. అప్పట్లో ఒక్కోదానికీ శాసనసభ విడిగా చట్టం చేయాలి. వలస కాలంలో ఆ భాగ్యం ఎక్కువగా ఊళ్లకూ చర్చిలకూ కాలేజీలకూ దక్కింది. స్వాతంత్ర్యం వచ్చాకే వంతెనలు, టోలు రోడ్లు, బ్యాంకులు వరుస కట్టాయి. బోస్టన్‌లో చార్లెస్ నది వంతెనకు 1785లో చార్టర్, అంటే సంస్థకు ఆ ఒళ్లిచ్చే అధికార పత్రం, వచ్చింది. 1811లో న్యూయార్క్ కొన్ని రకాల తయారీదారులను ఈ విడి చట్టం బాధ నుంచి తప్పించింది, లక్ష డాలర్ల పెట్టుబడికీ 20 ఏళ్లకూ మించకుండా. అన్నట్టు, మన ‘కార్పొరేషన్ కుళాయి’ని చూసి నవ్వకండి. ఊరికి ఒళ్లివ్వడమే పాత వాడుక. మద్రాసు కార్పొరేషన్ చార్టర్ 1687 నాటిది.

‘కంపెనీ’ అంటే కలిసి రొట్టె తినేవాళ్లు. చార్టర్ లేని భాగస్వాములూ ఆ పేరు పెట్టుకునేవారు, కాబట్టి చాలదు.

ఇక నిగమం. మీకు దగ్గర్లోని భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన ధాతుకరండాల (అస్థికల భరిణెల) ప్రాకృత శాసనాల్లో ‘నేగమా’ అని ఉంది. వర్తక సంఘం వాళ్లని పండితులు అర్థం చెబుతారు. కానీ తెలుగు చెవికి నిగమమంటే వేదం, ఆపైన తెనాలి రామకృష్ణుడి నిగమశర్మ. పేరులో వేదం, చేతిలో కాజేసిన అక్క నగలు! అలాంటివాడు అమెరికాలోనూ ఉన్నాడు. న్యూజెర్సీ 1791లో చార్టర్ ఇచ్చిన ఒక తయారీ సంస్థకు పెద్దగా ఉన్న విలియం డ్యూయర్, మరుసటి ఏడే సట్టాలో దివాలా తీసి జైలుకెళ్లాడు. సంస్థ సొమ్మూ కొంత మునిగింది.

నేనైతే ‘కార్పొరేషన్’ అనే ఉంచి, మొదటిసారి ‘శాసనసభ చార్టర్ పొందిన సంస్థ’ అని విప్పి రాస్తాను. మీరు నిగమమే రాస్తానంటే గట్టిగా అడ్డుపడలేను. భట్టిప్రోలు మీద మమకారం నాకూ ఉంది.