సుంకి ఘాట్‌లోనే మిస్సింగ్

ప్రశ్న: మెకానిక్ గారికి నమస్కారం. మాది సిమిలిగూడ. నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, 78,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో బాగానే నడుస్తుంది. సాలూరు అత్తారింటి నుంచి తిరిగొస్తూ సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం జెర్కులు, ఇంజిన్ లైటు మిణుకుమిణుకు. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు నాలుగు కాయిళ్లూ మార్చాలంటున్నారు. మార్చమంటారా?

జవాబు: నాలుగూ ఎందుకు బాబూ, ముందు దొంగ ఎవరో తేలనీయండి.

ఘాట్‌లోనే ఎందుకంటే, ఎక్కుడులో మీరు యాక్సిలరేటర్ తొక్కుతారు. సిలిండర్లో గాలీ పెట్రోలూ కిక్కిరిసిపోతాయి. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 20 వేల పైచిలుక్కి పెంచేది కాయిలే. దాని ఇన్సులేషన్ చితికితే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కదారిన ఇంజిన్ బాడీకి దిగిపోతుంది. చదునులో ఆ లోపం బయటపడదు. లైటు మిణుకుతున్నప్పుడు మాత్రం బండిని బాదకండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, అది కాయిలంత చవకది కాదు.

స్కానర్ పెట్టించండి. పీ 0302 అనే లోపం కోడ్ వచ్చిందనుకోండి, రెండో సిలిండర్ మిస్సవుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదని అర్థం. కాయిల్ పోయిందని కాదు, చాలామంది ఇక్కడే బోల్తా. రెండో కాయిల్‌ని మూడోదానితో మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ ఘాట్ ఎక్కించండి. ఈసారి 0303 వస్తే, అంటే లోపం ఆ కాయిల్‌తోపాటే మూడో సిలిండర్‌కి మారితే, దొంగ దొరికినట్టే, ఆ ఒక్కటే కొనండి. 0302 అలాగే ఉంటే ప్లగ్గో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో, సిలిండర్లో ఒత్తిడో (కంప్రెషన్) చూడాలి.

విప్పడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వేడికి కనెక్టర్ క్లిప్పు అప్పడంలా పెళుసుగా ఉంటుంది, నొక్కి తీయాలి గానీ వైరు పట్టి లాగకూడదు. చాలా బండ్లకు పది నంబర్ టీ పానా పడుతుంది, ఒకటే బోల్టు. కాయిల్‌ని కాస్త అటూ ఇటూ తిప్పి నిటారుగా లాగండి. కింది రబ్బరు గొట్టాన్ని వెలుతుర్లో పెట్టి చూడండి: పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లచార ఉందా? కరెంటు పారిపోయిన దారి అదే. ప్లగ్గు గుంతలో ఆయిలుంటే ఇంజిన్ పైమూత (ట్యాపెట్ కవర్) ప్యాకింగ్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త కాయిల్‌కీ అదే గతి.

ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూడకండి. పాత బండ్లకు ప్లగ్గు వైరు లాగి చూసే అలవాటు మాకుండేది. ఆ అలవాటుతోనే జయపురం షెడ్డులో ఒకసారి కొత్త బండి కాయిల్ లాగాను. మోచేతి దాకా జివ్వుమంది. బండి యజమాని ఎదురుగానే ఉన్నాడు, ఏమీ కానట్టు నిలబడ్డాను.

కొత్తది బిగించాక ఊళ్లో తిప్పి సరిపెట్టుకోకండి, సుంకి ఎక్కి చూడండి. ఆ వంకన అత్తారింటికోసారి వెళ్లొచ్చినట్టూ ఉంటుంది.