విబిఎస్‌లో బొమ్మల బైబిలు కథలు వేయబోతున్న మా అమ్మాయికి

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ దీవెనలు.

ఈసారి మే నెల విబిఎస్‌లో, అదే సెలవుల బైబిలు బడిలో, పిల్లలకి యానిమేషన్ బైబిలు కథలు వేస్తున్నావని, నీ జీతం డబ్బులతో ప్రొజెక్టరు కూడా కొన్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! నా ఒళ్ళో కూర్చుని "దావీదు రాయి ఎంతుంటుంది పెద్దమ్మా" అని అడిగిన పిల్లవి, ఇవాళ విజయవాడ సింగ్ నగర్‌లో అరవైమంది పిల్లలకి కథ చెప్పబోతున్నావు. కానీ మొదటి రోజు నోవహు ఓడ, అదే జలప్రళయం కథ, అనగానే నా గుండె జారిపోయింది. రాత్రంతా నిద్ర లేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. వీడియోలు ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. మే నెలలో కరెంటు సంగతి తెలుసుగా, ఇన్వర్టరు చూసుకో. స్పీకరు విడిగా పెట్టు, లేకపోతే వెనక పిల్లలకి వినపడదు. చర్చిలో వేసుకోవడానికి ఆ వీడియో తీసినవాళ్ళ అనుమతి ఉందో లేదో కనుక్కో. ఒక్కసారిగా పది నిమిషాలకి మించి వేయకు. కంఠత వాక్యం, పాటలు మానకు.

ప్రతి వీడియోనీ బైబిలు పక్కన పెట్టుకుని నువ్వు ముందు చూడాలి. యోనాని తిమింగలం మింగినట్టు, జ్ఞానులు సరిగ్గా ముగ్గురే వచ్చినట్టు, హవ్వ ఆపిల్ కొరికినట్టు చూపించేస్తుంటారు. యోనా గ్రంథంలో గొప్ప మత్స్యం అనే ఉంది. జ్ఞానులు ఎంతమందో లేదు, అది ఏ పండో కూడా లేదు. నోవహు ఓడలోంచి వదిలింది మన తెలుగు బైబిల్లో నల్ల పావురం, తెర మీద మాత్రం తెల్లగా ఎగురుతుంది. పిల్లలు కళ్ళతో చూసిందే వాక్యం అనుకుంటారమ్మా. వీడియో అయ్యాక పెద్దపిల్లల చేతికి బైబిలిచ్చి, తేడాలు వాళ్ళనే వెతకమను. భలే ఉత్సాహంగా వెతుకుతారు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా నేను చెప్పలేదు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయారు. ఏడాదిన్నర తర్వాత, 1979 ఎండాకాలంలో, నన్ను బందరు నుంచి నాగాయలంక వైపు ఒక పల్లెకి పిల్లల కూడికల కోసం పంపారు. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. మాకు ఫ్లానల్ బోర్డే సినిమా. చెక్కకి ఫ్లానల్ గుడ్డ బిగించి, కాగితం బొమ్మల వెనక ఉప్పుకాగితం ముక్క అతికించేవాళ్ళం. అలా ఆనిస్తే ఇలా అంటుకునేది. ఆ బొమ్మలతో కథ చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

తాటాకు పందిట్లో నోవహు కథ మొదలుపెట్టాను. వాన చప్పుడు కోసం డాల్డా డబ్బాలో కందులు పోసి ఆడించాను. నీలం గుడ్డని కింది నుంచి పైకి జరుపుతూ, ఓడ ఎక్కని మనుషుల బొమ్మల్ని ఒక్కొక్కటే పీకేశాను. "మాట వినని వాళ్ళంతా మునిగిపోయారు" అన్నాను. పందిరంతా నిశ్శబ్దం. నా కథలో లీనమైపోయారనుకున్నాను. నా చూపంతా బోర్డు మీదే ఉంది, వాళ్ళ మొహాల మీద లేదు.

పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డ ఏడేళ్ళ పిల్లాడు అడిగాడు: "టీచరమ్మా, మా అమ్మ కూడా మాట వినలేదా?"

నాకు నోట మాట రాలేదు. "అలా మధ్యలో అడక్కూడదు నాన్నా, కథ విను" అని డబ్బా మళ్ళీ ఆడించాను. అవును తల్లీ, మళ్ళీ ఆడించాను.

మర్నాడు వాడు రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్ళ నాయనమ్మ చెప్పింది, ఆ రాత్రి వాడు అన్నం తినకుండా గుమ్మంలోనే కూర్చున్నాడట. వాడి తల్లి, చెల్లెలు ఉప్పెనలో పోయారు. వాణ్ణి తాతయ్య తాడిచెట్టుకి కట్టేయబట్టి బతికాడు. నేను పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోయాడు. నేను తిరిగి వచ్చేలోపు వాడు మళ్ళీ నాతో మాట్లాడలేదు.

వాడికి చెప్పాల్సిన జవాబు లూకా పదమూడో అధ్యాయంలో ఉంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదు అని ప్రభువే చెప్పాడు. ఆ మాట నాకు తట్టేసరికి చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

నీ దగ్గరికొచ్చే పిల్లలు ఎవరో గుర్తు తెచ్చుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మేడల మీద రోజుల తరబడి కూర్చుని, డ్రోన్లు జారవిడిచిన పొట్లాలు తిన్న పిల్లలు. నా డబ్బాలో కందుల చప్పుడుకే ఆ పిల్లాడు అలా అయిపోయాడు. నీ స్పీకర్లో ఉరుములొస్తాయి, తెరనిండా నీళ్ళొస్తాయి. నేను కావాలంటే బొమ్మ పీకడం ఆపగలిగేదాన్ని. వీడియో నువ్వు నొక్కితే తప్ప ఆగదు, చీకట్లో పిల్లల మొహాలు నీకు కనిపించవు.

అందుకని మొదటి రోజు ఐదు రొట్టెలు, రెండు చేపలిచ్చిన అబ్బాయి కథ వెయ్యి. తప్పిపోయిన గొర్రె వెయ్యి. నోవహు కథ వద్దనను, అది దేవుని వాక్యం. నాలుగో రోజు వెయ్యి, ఈలోపు ఎవరింట్లో ఏం జరిగిందో కనుక్కో. దేవుడు నోవహునీ ఓడలో ఉన్న జంతువులనీ జ్ఞాపకం చేసుకున్న దగ్గర్నుంచి వేసి, మునిగిపోయే భాగం నువ్వే నోటితో, నెమ్మదిగా చెప్పు. లైట్లన్నీ ఆర్పకు. నువ్వు ల్యాప్‌టాప్ వెనక కాకుండా తెర పక్కన, పిల్లల వైపు తిరిగి కూర్చో. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆపెయ్. ఆ రోజుకి కథ పూర్తికాకపోయినా ఏం కాదు. జవాబు తెలియకపోతే దగ్గరికి తీసుకో, అంతే.

కోప్పడ్డానని బాధపడకు బంగారం. ప్రొజెక్టరు కొన్నావని విన్నప్పట్నుంచి మీ పెదనాన్న వీధిలో అందరికీ చెప్పుకుంటున్నారు. మొదటి రోజు నేనూ వస్తాను. పొద్దున్నే బందరు బస్సెక్కేస్తాను, మీ అమ్మతో చెప్పు. నాకు కూడా తెర పక్కనే ఒక కుర్చీ వేయించు, పిల్లల మొహాలు కనిపించేలా.

మీ పెద్దమ్మ