దాణా మిల్లుకు అమ్మే మొక్కజొన్న: విత్తనం కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వరి కోశాక ఈసారి మినుము మానేసి, దున్నకుండా మొక్కజొన్న పెడదామనుకుంటున్నావని అక్కయ్య చెప్పింది. మన తెనాలి వైపు నేలకు అది బాగానే సరిపోతుంది. ఏ విత్తనం తేవాలని అడిగావట. విత్తనాల కొట్టుకు వెళ్లే ముందు గింజ ఎవరికి అమ్ముతావో తేల్చుకో. పిండి (స్టార్చ్) ఫ్యాక్టరీకి, ఇథనాల్ ప్లాంటుకు కావలసింది గింజలోని పిండిపదార్థం. రంగు కాస్త తక్కువైనా వాళ్లకు పెద్ద పట్టింపు ఉండదు. తణుకు, అనపర్తి వైపు కోళ్లఫారాలకు దాణా ఆడించే మిల్లు సంగతి వేరు. గుడ్ల కోడి మేతలో సగానికి పైగా మొక్కజొన్నే ఉంటుంది. గింజ పాడైతే ఆ దెబ్బ నేరుగా కోడికి తగులుతుంది. అందుకే వాళ్లు లారీ దింపుకునే ముందు సంచిలో గొట్టం గుచ్చి గింజ తీసి, అరచేతిలో పోసుకుని మరీ చూస్తారు.

మొదట చూసేది రంగు. గుడ్డు సొనకు పసుపు వచ్చేది మేతలోని రంగుపదార్థం వల్లే. నారింజ ఛాయ ఉన్న పసుపు గింజకు ఉన్న గిరాకీ పాలిపోయిన గింజకు ఉండదు. తర్వాత చూసేది గట్టితనం. నెత్తి మీద నొక్కు పడ్డ మెత్తటి గింజ కంటే గుండ్రంగా, నిగనిగలాడే గట్టి గింజ (దీన్నే సెమీ ఫ్లింట్ అంటారు) నూర్పిడిలో తక్కువ విరుగుతుంది, ముక్కుపురుగుకు అంత తొందరగా లొంగదు. విరిగిన గింజకే బూజు ముందు పడుతుంది. బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు కావచ్చు, అది కోడి కాలేయాన్ని తినేసి గుడ్లు తగ్గించేస్తుంది. కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బీ1 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20 భాగాలు) దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం. అంటే టన్నుకు 20 మిల్లీగ్రాములు. మన కంటికి కనపడని మోతాదు అది. కాబట్టి మిల్లువాడు ముక్కగింజ చూసి ముఖం చిట్లిస్తే తప్పు పట్టకు.

నేను అన్నిటికంటే ఎక్కువ చూసేది తేమ. మన దగ్గర వరి కోత డిసెంబరులో అవుతుంది. నెలాఖరుకు విత్తనం పడితే, 115 రోజుల పైన తీసుకునే రకం ఏప్రిల్ చివరికి గానీ చేతికి రాదు. అకాల వానలకు అదే అదను. పదిరోజులు ముందొచ్చే రకం ఎకరాకు రెండు మూడు క్వింటాళ్లు తక్కువిచ్చినా నేను దాన్నే వేస్తాను. లెక్క నువ్వే వేసి చూడు. 20 శాతం తేమతో తూచిన 100 క్వింటాళ్లను 14 శాతానికి ఆరబెడితే మిగిలేది 93. ఆ ఏడు క్వింటాళ్లూ నీళ్లే. పచ్చి కండె బరువు చూసి మురిసిపోయే రైతు ఈ సంగతి కాటా దగ్గర తెలుసుకుంటాడు. పైగా తేమ ఎక్కువని తరుగు తీస్తే, ఎండి ఉంటే వచ్చే ధర కూడా రాదు.

త్వరగా ఎండే రకాన్ని పొలంలోనే గుర్తుపట్టొచ్చు. పక్క ఊళ్లో ఎవరైనా వేసి ఉంటే కోతకు ముందు వెళ్లు. కండె విరిచి బెండు చూడు. బెండు సన్నగా ఉండి, గింజ లోతుగా దిగి ఉంటే తేమ తొందరగా దిగుతుంది. లావు బెండు నీళ్లు పట్టి ఉంచుతుంది. కండె మధ్యలోంచి ఒక గింజ ఊడబెరికి మొనను గోటితో గిల్లు. అక్కడ నల్లటి పొర కనిపిస్తే గింజ ముదిరినట్టే, ఇక బరువు పెరగదు. అప్పటికీ తేమ 30 శాతం దగ్గరే ఉంటుంది. అక్కణ్ణించి కండె తల కిందికి వాలుతుందా, నిక్కి నిలబడే ఉంటుందా చూడు. వాలిన కండె మీద వాన పడినా జారిపోతుంది. నిక్కిన కండెలోకి నీళ్లు దిగుతాయి. కండె మీది ఆకుల పొర కొన దాకా కప్పి ఉండాలి.

విత్తన కంపెనీలు రైతులను పొలానికి పిలిచి పంట చూపించే ఫీల్డ్ డేలో కనిపించే కండెకు మోసపోకు. గట్టు పక్కన గాలి, వెలుతురు దండిగా తగిలిన మొక్కకు ఏ రకమైనా పెద్ద కండే వేస్తుంది. 60 సెంటీమీటర్ల వరుసల్లో 20 సెంటీమీటర్లకు ఒక మొక్క చొప్పున ఎకరాకు 33 వేల మొక్కలు నిలిచినప్పుడు చేను నడుమ కండె ఎలా ఉందన్నదే నీకు కావాలి. చేను మధ్యకు వెళ్లి వరసగా పది కండెలు ఒలిచి చూడు. కొన దాకా గింజ కట్టిందా, పదీ ఒకే తీరుగా ఉన్నాయా?

కాండం సంగతీ మరిచిపోకు. పూత తర్వాత నీటి ఎద్దడి వస్తే మసికుళ్లు తెగులు పట్టుకుంటుంది. మొదలు దగ్గర కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి పొడిలా కనిపిస్తుంది. అలాంటి మొక్క ముందే ఎండిపోతుంది, గింజ తేలిపోతుంది. దున్నని నేలలో చివరి తడులకు కాలవ నీళ్లు అందుతాయన్న భరోసా లేకపోతే, ఈ తెగులును తట్టుకునే రకమే తీసుకో.

పేర్లు అడుగుతావని తెలుసు. హైదరాబాద్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన డీహెచ్ఎం 117 ఒకటి, మీ ఊళ్లో రెండేళ్లుగా నిలిచిన ప్రైవేటు సంకర రకం (హైబ్రిడ్) ఒకటి తెచ్చి, చెరి సగం వెయ్యి. రెండూ విడివిడిగా కోసి, విడివిడిగా ఆరబెట్టు. కలిపితే రంగు కలగలిసి ధర పోతుంది. విత్తనం సంచి, బిల్లు, దాని మీది ట్యాగు పంట అమ్మేదాకా దాచు.

నూర్పిడి యంత్రాన్ని తేమ 18 శాతం లోపుకు దిగాకే పిలువు. తర్వాత పట్టాల మీద పలచగా పోసి, పూటకు రెండుసార్లు కాళ్లతో తిరగేసి 14కు తీసుకురా. కల్లంలోని గింజ కిలో సంచిలో పోసుకుని మిల్లుకు ముందే చూపించి రా. వాళ్ల మీటరు ఎంత చూపిస్తుందో రాసుకుని, ధర మాట్లాడుకున్నాకే లారీ కట్టించు.

మీ మావయ్య