మీ అమ్మ గురించి రాసేముందు

చిట్టీ,

సంవత్సరీకం నాటికి అమ్మ మీద చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నావని మీ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. అప్పట్నుంచీ నా మనసు ఒకచోట నిలవడం లేదు. ఈ ఆలోచన వచ్చిన కూతుర్ని కన్నందుకు మీ అమ్మ అదృష్టవంతురాలే. కానీ భయంగానూ ఉంది. ఇలాంటి పుస్తకాలు ఎలా తయారవుతాయో నేను చూశాను.

ఫోటోల వెనక మనుషుల పేర్లు పెన్సిల్‌తో రాసుకో. ఏ ఏడాది ఏ ఊళ్ళో ఉన్నారో నాన్న ఆర్మీ డిశ్చార్జి బుక్కుతో సరిచూసుకో. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది, కాస్త ఓపిగ్గా చదువు.

మన క్వార్టర్స్‌లోనే ఉండి, రిటైరయ్యాక మా వైపే స్థిరపడిన ఒకావిడ పోయినప్పుడు ఆవిడ కొడుకులు మంచి కాగితం మీద పుస్తకం వేయించారు. మొదటి పేజీలో ఆవిడ ఫోటో, దాని కింద భర్త ర్యాంకు. అక్కణ్ణుంచి జమ్మూ, తేజ్‌పూర్, జోధ్‌పూర్, వరసగా ఆయన పోస్టింగులు. ‘నాన్నగారు తేజ్‌పూర్‌లో ఉండగా అమ్మ పిల్లల్ని చూసుకున్నారు’ అని ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యంలో మంచాన పడ్డ అత్తగారు, టైఫాయిడ్ వచ్చిన చిన్నకొడుకు, గోడ కూలిన ఇల్లు, అన్నీ కొట్టుకుపోయాయి. క్యాంటీన్ సామాన్లు తెచ్చుకోవడానికి చీర కుచ్చిళ్ళు దోపుకుని సైకిల్ నేర్చుకున్న మనిషి ఆవిడ. ఆ సైకిల్ ప్రస్తావనే లేదు. త్యాగమూర్తి, ఓర్పుకి మారుపేరు అని మాత్రం పేజీకోసారి ఉంది.

పుస్తకాలు పంచిన రోజు రెండు బస్సులు మారి ఒక జవాను భార్య వచ్చింది. భర్త పోయాక ఆమె ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది. సర్వీసు రికార్డులో ఆమె పేరు ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. పెళ్ళయిన కొత్తలో పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే పెళ్ళీ పిల్లల వివరాలు సర్వీసు రికార్డుకి ఎక్కించే ఆర్మీ కాగితంలో, ఇంట్లో పిలిచే పేరు ఎక్కింది, తర్వాత ఎవరూ చూసుకోలేదు. పోయినావిడే అఫిడవిట్ రాయించి, అర్జీల మీద అర్జీలు పెట్టి, ఏడాది పైన ఆమె వెంట తిరిగి పెన్షన్ ఇప్పించింది. ఈ జవాను భార్యకి చదువు రాదు. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం మొదట్నుంచి చివరిదాకా అక్కడే చదివించుకుంది. అంతా విని, ‘నా సంగతి ఎక్కడ రాశారు బాబూ?’ అని పెద్దకొడుకుని అడిగింది. అతనికి ఆమె ఎవరో తెలియదు. తల్లి చేసిన పనే తెలియదు. అలాంటివాళ్ళు ఆ రోజు ఇంకా చాలామంది వచ్చారు, అప్పటికే పుస్తకం అచ్చయిపోయింది. ఆ పిల్లలకి ప్రేమ లేదని నేననను. పుస్తకం చేతికిస్తూ ఏడ్చారు. తల్లి జీవితాన్ని తండ్రి పోస్టింగుల లెక్కన రాసుకుంటూ పోయారు, జరిగిన పొరపాటు అదే.

నువ్వు అలా చేయకు. ‘1987లో నాన్న శ్రీలంక వెళ్ళారు’ అని మొదలుపెట్టకు. ఆ ఏడాది మీ అమ్మ ఏం చేసిందో రాయి. నీకు అప్పుడు పదేళ్ళు. సికింద్రాబాద్ నుంచి మనవాళ్ళ 54వ డివిజన్ శాంతిసేనగా లంకకి వెళ్ళిపోయాక తిరుమలగిరి క్వార్టర్స్‌లో మగమనిషి అలికిడి లేదు. అక్టోబరులో జాఫ్నా దగ్గర యుద్ధం ముదిరింది. ఉత్తరాల మీద 56 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు నంబరే తప్ప మనిషి ఎక్కడున్నాడో ఉండేది కాదు. మొత్తం మీద మనవాళ్ళు సుమారు 1,200 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. సాయంత్రమయ్యేసరికి మీ అమ్మ ఇల్లిల్లూ తిరిగి, చదువురాని వాళ్ళకి ఉత్తరాలు చదివిపెట్టి జవాబులు రాసేది. తనకి ఉత్తరం రాని రోజుల్లోనూ తిరిగేది. ఎదురు బ్లాకులో ఒకమ్మాయికి కబురు వచ్చినప్పుడు వారం రోజులు మీ అమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నీకూ తమ్ముడికీ ఆ వారం అన్నం పెట్టి జడలేసింది నేను. నువ్వు అలిగి అన్నం ముద్ద పక్కకి తోసేశావు.

అమ్మ పోయిన పదకొండో రోజున నువ్వే అన్నావు, ‘అమ్మకి మా కంటే బయటివాళ్ళే ఎక్కువ పెద్దమ్మా’ అని. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను, అదీ రాయి. పదేళ్ళ పిల్లకి అమ్మ కావాలి, ఆ కోపం న్యాయమైనదే. దాన్ని దాచిపెట్టి దేవతని చేశావంటే చదివేవాళ్ళకి మీ అమ్మ కనిపించదు. ఆ వారం రాత్రుళ్ళు మీరిద్దరూ నిద్రపోయాక వచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చుని వెళ్ళేది తల్లీ. నీకు తెలియదు.

ముందు చేయాల్సిన పని మనుషుల్ని కలవడం. పెట్టె, కాగితాలు తర్వాత. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల కోసం మీ వరండా నిండా కూర్చునేవాళ్ళు గుర్తున్నారా? 2003లో మాజీ సైనికుల కుటుంబాలకి వైద్యం కోసం ఈసీహెచ్ఎస్ పథకం వచ్చినప్పుడు వాళ్ళ కార్డులకి ఫారాలు నింపింది మీ అమ్మే. వాళ్ళందరికీ ఇప్పుడు డెబ్భై దాటాయి. ఈ నెల్లోనే వెళ్ళు. ‘మా అమ్మ ఎలాంటిది?’ అని అడగకు, ‘చాలా మంచిదమ్మా’ అని ఊరుకుంటారు. మొదటిసారి ఎందుకొచ్చారు, అమ్మ ఏం చేసింది, ఎప్పుడైనా కసిరిందా అని అడుగు. కసిరేది, నాకు తెలుసు. సంతకం నేర్చుకోమంటే బద్ధకించినవాళ్ళని ఊరుకునేది కాదు.

నల్ల ట్రంకుపెట్టె మాత్రం ఎవరికీ ఇచ్చేయకు. పైన తెల్లరంగుతో నాయక్ అని రాసి, దాని మీదే హవల్దార్ అని, మళ్ళీ దాని మీద సుబేదార్ అని దిద్దారు. మూడూ మీ అమ్మ చేతిరాతే. లోపల నాన్న రాసిన ఉత్తరాలుంటాయి. అమ్మ రాసినవి ఉండవు, ఫీల్డులో ఉన్న మనిషి ఎన్నని దాచుకుంటాడు? అందుకే నాన్నని కూర్చోబెట్టు. ‘ఏముందమ్మా, అంతా ఆవిడే చూసుకుంది’ అంటారు. అక్కడ ఆపనివ్వకు. లంక నుంచి తిరిగొచ్చాక ఇంట్లో ఏమేం మారి కనిపించాయో అడుగు. నీళ్ళు పెట్టుకుంటే ఆ పూటకి వదిలేసి మర్నాడు అడుగు.

రాసినంత వరకు పంపించు, అక్షరాలు పెద్దవిగా ఉండనీ. ఎదురు బ్లాకు అమ్మాయి ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది, నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేస్తే ఇస్తాను. నేను కూడా వస్తాను, ఒక్కదానివే వెళ్ళకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ