పాస్టరమ్మగా అమెరికా వస్తున్న గుంటూరు చెల్లెమ్మకు

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. మా ఆయనకు డాలస్ దగ్గర ఒక తెలుగు సంఘం నుంచి కాపరిగా పిలుపు వచ్చింది. నేను టీచర్‌ని, ఇద్దరు పిల్లలు. అక్కడ మా రోజులు, పండుగలు ఎలా ఉంటాయి? ఇక్కడే చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

చెల్లెమ్మా, వందనాలు. మాదీ గుంటూరే, కొత్తపేట. ఇక్కడ మా ఇల్లూ కాపరి ఇల్లే కాబట్టి మీరు అడిగినవన్నీ నాకు రోజూ ఎదురయ్యేవే.

ముందు మీ ఉద్యోగం సంగతి. అయ్యగారికి వచ్చేది ఆర్-1, అంటే మత సేవ చేసేవాళ్లకిచ్చే వీసా. వాళ్ల కుటుంబంగా మీకూ పిల్లలకూ ఆర్-2. ఆర్-2 మీద చదువుకోవచ్చు కానీ సంపాదించకూడదు. టీచర్ ఉద్యోగమే కాదు, పచ్చళ్లు పట్టి అమ్మడం, డబ్బు తీసుకుని పక్కింటి పిల్లల్ని చూడటం కూడా కుదరదు. "అందరూ చేస్తున్నారుగా అమ్మగారూ" అని సంఘంలోనే ఎవరో ఒకరు అంటారు. వినకండి. ఆర్-1 మొదట 30 నెలల వరకు ఇస్తారు, పొడిగించుకున్నా మొత్తం 5 ఏళ్లకు మించదు. అన్నాళ్లూ ఇల్లు ఒక్క జీతం మీదే నడవాలి. అందుకే జీతం ఎంత, ఇంటి అద్దె ఎవరు కడతారు, హెల్త్ ఇన్సూరెన్స్ నలుగురికీ ఉందా అన్నవి బయల్దేరకముందే సంఘ పెద్దలతో కాగితం మీద రాయించుకోండి. ఇవి అడిగితే విశ్వాసం తక్కువని ఎవరూ అనుకోరు. అడగడానికి మొహమాటపడి, తర్వాత అద్దె కట్టలేక లోలోపల కుమిలిపోయిన కాపరి కుటుంబాలను చూశాను.

పన్ను లెక్కల్లో కూడా కాపరి పద్ధతి వేరు. సోషల్ సెక్యూరిటీ, అంటే ఇక్కడ పింఛనుకూ పెద్దవయసు వైద్యానికీ కట్టే పన్ను విషయంలో కాపరిని సొంతంగా సంపాదించుకునే మనిషి కిందే లెక్కేస్తారు. పన్నుల పరంగా ఇక్కడి నివాసి అయ్యాక ఆ పన్ను 15.3 శాతం మొత్తం ఆయనే కట్టుకోవాలి. మామూలు ఉద్యోగికి కంపెనీ సగం కట్టినట్టు సంఘం కట్టదు. ఇంటి ఖర్చు కింద ఇచ్చే భత్యానికి ఆదాయపు పన్ను ఉండదు గానీ, ఇంత మొత్తం ఇంటికి అని సంఘం ముందుగానే తీర్మానం రాయాలి. డబ్బు ఇచ్చేశాక రాస్తే చెల్లదు. దిగిన మొదటి నెలలోనే కాపరుల లెక్కలు తెలిసిన అకౌంటెంట్‌ను కలవండి.

ఇక రోజులు. వారమంతా జనం ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి మన పనంతా సాయంత్రాల్లో, శనాదివారాల్లో పడుతుంది. శుక్రవారం రాత్రి గృహకూడిక, శనివారం ఎవరింట్లోనో కృతజ్ఞత కూడిక, ఆదివారం ఆరాధన. పిల్లలు స్కూల్ నుంచి వచ్చే వేళకి అయ్యగారు బయల్దేరుతుంటారు. సోమవారమో మంగళవారమో, ఒక రోజు ఇంటిదని మొదట్లోనే అందరికీ చెప్పేయండి.

చాలా తెలుగు సంఘాలకు సొంత మందిరం ఉండదు, అమెరికన్ల చర్చిలో హాలు అద్దెకు తీసుకుంటారు. మా తర్వాత ఒక స్పానిష్ సంఘం వస్తుంది. ప్రేమవిందు అవగానే పులావు ట్రేలు మూసి, వంటగది గట్టు మీద పడ్డ పులుసు ఆరి పచ్చగా మరక కట్టకముందే రుద్ది, కుర్చీలు మునుపున్న వరసలోనే సర్ది తాళం అప్పగించాలి. ఇదంతా పాస్టరమ్మ పనే అని సంఘం ఒకసారి అలవాటుపడితే ఇక మారదు. మొదటి నెల నుంచే స్త్రీల సమాజానికీ, యవ్వనస్తులకూ, మగవాళ్లకూ వంతులు వేయించండి. నేను మీకు గట్టిగా చెప్పేది ఇదే. పండుగ చేసేది సంఘం, మీ ఒక్క వంటిల్లు కాదు.

పండుగలకు ఇక్కడి సెలవులతో సర్దుకుపోవాలి. గుంటూరులో డిసెంబరంతా స్టార్లు, క్యారల్సే కదా. ఇక్కడ 25 ఒక్కరోజే సెలవు, 26న చాలామందికి ఆఫీసు. అందుకే సెమీ క్రిస్మస్ ముందు వచ్చే శనివారాల్లో పెట్టేసుకుంటాం. క్యారల్స్ ఇళ్ల లోపలే. అపార్ట్‌మెంట్లలో రాత్రి పదికల్లా డోలక్ ఆపేస్తాం. గుడ్ ఫ్రైడే ఇక్కడ ఫెడరల్ సెలవు కాదు. మన ఊళ్లో 12 నుంచి 3 దాకా జరిగే, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన ఇక్కడ సాయంత్రం ఏడింటికి మొదలవుతుంది, జనం ఆఫీసు నుంచి సరాసరి వస్తారు. ఒక్కో మాటకీ ఎనిమిది నిమిషాలు మించనివ్వకండి, లేకపోతే చివరి మాటకి పిల్లలంతా నిద్రపోతారు. కోత పండుగ అక్టోబరులోనే పెట్టించండి. చలికి పెరళ్లు ఎండిపోకముందు సొరకాయలు, గోంగూర కట్టలు కానుకగా వస్తాయి, వేలంలో పోటీపడి పాడతారు.

వాచ్ నైట్, అదే కొత్త సంవత్సరం ముందు రాత్రి ఆరాధన, మాత్రం నాకు ప్రాణం. డాలస్‌లో డిసెంబరు 31 మధ్యాహ్నం పన్నెండున్నరకే గుంటూరులో కొత్త సంవత్సరం వచ్చేస్తుంది. ఆ వేళ అమ్మానాన్నలతో ఫోన్లో ప్రార్థన చేసుకుని, రాత్రికి సంఘంతో కూర్చోండి. చదువుకోవడానికి ఒంటరిగా వచ్చిన మన గుంటూరు, విజయవాడ పిల్లలను ఆ రాత్రి తప్పకుండా పిలవండి. సంఘానికి రాని పిల్లలైనా సరే, భోజనానికి వస్తారు.

పిల్లల ఆరాధన గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు ప్రసంగం సగం అందదు. 1842లో ఫాదర్ హయ్యర్, 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి మిషనరీలుగా గుంటూరు వచ్చి మన భాషలోకి దిగారు. ఇప్పుడు ఈ పిల్లల కోసం అయ్యగారు కూడా ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకోవాలి. మీరు టీచర్ అన్నారు కదా, జీతం లేని సండే స్కూల్ పాఠానికి ఆర్-2 అడ్డు కాదు. చదవడం రాని పిల్లలకు తెలుగు వాక్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వండి, చక్కగా కంఠతా పట్టి స్టేజీ ఎక్కుతారు.

సామాన్లలో కీర్తనల పుస్తకాలు కొన్ని ఎక్కువే పెట్టుకోండి. పిల్లల టీకాల కార్డు, స్కూల్ టీసీ చేతి బ్యాగులోనే ఉంచండి, స్కూల్లో చేర్చేటప్పుడు అడుగుతారు. మీ బీఈడీ సర్టిఫికెట్లు కూడా తెచ్చుకోండి. రేపు వీసా మారి పని చేసుకునే వీలొస్తే గుంటూరుకి మనిషిని పంపి వెతికించుకోవాల్సిన పని ఉండదు.